ఎన్‌బీఏ ఫైనల్స్ గెలిచేదెవరు? అంచనాను దేని మీద నిలబెట్టాలి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫైనల్స్ అంటే ఏడు గేముల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్లదే టైటిల్. ఫైనల్స్‌కు చేరిన రెండు జట్లేవో తేలిన రోజు నుంచి తొలి గేమ్ మొదలయ్యేదాకా అభిమానులందరూ జ్యోతిష్కులే. ‘ఫలానా జట్టు, ఆరు గేముల్లో’ అని ఒకరంటారు. ‘అంత సీన్ లేదు, ఐదులోనే అయిపోతుంది’ అని ఇంకొకరంటారు. కారణాలకు కొదవే ఉండదు. సీజన్ రికార్డు, స్టార్ ఆటగాడు, డిఫెన్స్, సొంత కోర్టు, ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ సిరీస్‌ల్లో) ఊపు, గాయాలు, పాత పగలు ఇలా ఎన్నైనా చెప్పుకోవచ్చు. అయితే ఒకే కారణాన్ని నాలుగు పేర్లతో నాలుగుసార్లు లెక్కేసుకోవడం దగ్గరే చాలా అంచనాలు దారి తప్పుతాయి.

2025 సంగతి చూడండి. ఓక్లహోమా సిటీ థండర్ 68 గెలిచి 14 ఓడింది. గేమ్‌కు సగటున దాదాపు 13 పాయింట్ల తేడా, లీగ్ చరిత్రలోనే అత్యధికం. సీజన్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) షే గిల్జియస్-అలెగ్జాండర్ ఆ జట్టువాడే. లీగ్‌లో మేటి డిఫెన్స్ కూడా వాళ్లదే, సొంత కోర్టు అనుకూలతా (ఎక్కువ గేములు సొంత ఊళ్లో ఆడే వీలు) వాళ్లదే. చూడ్డానికి ఇవి ఐదు కారణాలు. కానీ ఎంవీపీ, డిఫెన్స్ ఉండబట్టే ఆ పాయింట్ల తేడా వచ్చింది, ఆ తేడా వల్లే 68 గెలుపులు, ఆ గెలుపుల వల్లే సొంత కోర్టు. అంటే ఉన్నది ఒక్కటే కారణం, చాలా బలమైన కారణం. ఐదింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఏకపక్షంగా ముగుస్తుందనుకున్నవాళ్లకు ఇండియానా పేసర్స్ చుక్కలు చూపించింది. తొలి గేమ్‌ను 0.3 సెకన్లు మిగిలుండగా టైరీస్ హాలిబర్టన్ షాట్‌తో గెలిచి, మూడు గేములయ్యేసరికి 2-1తో ముందుండి, సిరీస్‌ను ఏడో గేమ్ దాకా లాక్కెళ్లింది. చివరికి గెలిచింది థండరే. ఎవరు అన్నది సరిపోయింది, ఎంత తేలిగ్గా అన్నది సరిపోలేదు.

కాబట్టి ఏ ఆధారాన్ని తూచేటప్పుడైనా అడగాల్సింది ఒకటే: ఈ విషయం సీజన్ లెక్కలో ఇప్పటికే కలిసిపోయిందా, లేక ఆ లెక్కకు తెలియని కొత్త సంగతా? ఈ ప్రశ్నతోనే ఒక్కొక్క ఆధారాన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

సీజన్ లెక్కలా, ప్లేఆఫ్స్ ఊపా?

రెంటిలో ఒకటే ఎంచుకోమంటే నేను సీజన్ వైపే. ఒక్కో జట్టు సీజన్‌లో ఆడే 82 గేములు చిన్న నమూనా కాదు. అందులోనూ గెలుపుల సంఖ్య కన్నా సగటు పాయింట్ల తేడాను చూడటం మేలు. రెండు పాయింట్లతో గట్టెక్కిన గేమ్, పాతిక పాయింట్లతో చిత్తు చేసిన గేమ్ గెలుపుల పట్టికలో ఒకేలా కనిపిస్తాయి. చివరి షాట్ పడిందా లేదా అన్నదాంట్లో అదృష్టం పాలు ఎక్కువ. పాయింట్ల తేడాలో ఆ పాలు తగ్గుతుంది.

ఊపు మాట వినడానికి బాగుంటుంది. 2023లో మయామీ హీట్ ఎనిమిదో సీడ్‌గా (లీగ్‌లోని తన సగంలో ఎనిమిదో స్థానంతో) వచ్చి మిల్వాకీని, న్యూయార్క్‌ను, బోస్టన్‌ను దాటి ఫైనల్స్‌కు చేరింది. అంతకన్నా ఊపు ఇంకేం కావాలి? డెన్వర్ నగెట్స్ 4-1తో ముగించేసింది. 1999లో న్యూయార్క్ నిక్స్ కూడా ఎనిమిదో సీడ్‌గానే ఫైనల్స్‌కు వచ్చి, శాన్ ఆంటోనియో స్పర్స్ చేతిలో అదే 4-1తో ఓడింది. చివరి మూడు వారాలు మన కళ్ల ముందున్నాయి గనక పెద్దగా కనిపిస్తాయి, నవంబరు నాటి గేములు మరుగున పడిపోతాయి. అంతే తేడా.

అయితే సీజన్ రికార్డు అబద్ధం చెప్పే సందర్భం ఒకటుంది, మధ్యలో జట్టు మారిపోయినప్పుడు. 1995లో హ్యూస్టన్ రాకెట్స్ 47-35 రికార్డుతో ఆరో సీడ్. ఇప్పటికీ అంతకన్నా కింది సీడ్ ఎవరూ టైటిల్ గెలవలేదు. షకీల్ ఓనీల్ ఉన్న ఓర్లాండోను 4-0తో ఊడ్చేసింది. వింతలా కనిపిస్తుంది గానీ, ఆ ఫిబ్రవరిలో క్లైడ్ డ్రెక్స్‌లర్ ఆ జట్టులోకి వచ్చాడు, పైగా హకీమ్ ఒలాజువాన్ నాయకత్వంలో వాళ్లు అప్పటికే డిఫెండింగ్ ఛాంపియన్లు. 47-35లో చాలా భాగం డ్రెక్స్‌లర్ లేని జట్టుది. 2004లో డెట్రాయిట్ పిస్టన్స్ కూడా అంతే, ఫిబ్రవరిలో రషీద్ వాలెస్ వచ్చాక అది వేరే జట్టయిపోయింది. అందుకని సీజన్ మధ్యలో పెద్ద ట్రేడ్ జరిగి ఉంటే, ట్రేడ్ తర్వాతి గేములకే ఎక్కువ బరువివ్వండి. ఇదీ ప్రతిసారీ పనిచేసే మంత్రం కాదు. 2024 ఫిబ్రవరిలో డాలస్ మావరిక్స్ ఇద్దరిని తెచ్చుకుని బాగా మెరుగైంది, ఫైనల్స్‌లో మాత్రం బోస్టన్ సెల్టిక్స్ ముందు 4-1తో తేలిపోయింది. ఎదుటివాళ్లు 64 గెలిచిన జట్టు మరి.

స్టార్‌ను చూడాలా, ఏడో ఆటగాణ్ని చూడాలా?

స్టార్ ఎంత గొప్పవాడో అందరికీ తెలుసు, లెక్కల్లోనూ ఉంది. డెన్వర్ గురించి ‘కానీ వాళ్లకు యోకిచ్ ఉన్నాడు కదా’ అనడం అంచనాకు కొత్తగా ఏమీ కలపదు. ఫైనల్స్‌లో కోచ్‌లు ఏడెనిమిది మందితోనే నెట్టుకొస్తారు. ఆ ఎనిమిది మందిలో ఎవరిని లక్ష్యంగా చేసుకోవచ్చు అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. డిఫెన్స్‌లో కాళ్లు కదలనివాడో, షూటింగ్ రానందువల్ల ప్రత్యర్థి గాలికి వదిలేసేవాడో ఉంటే, ఏడు గేముల్లో వాణ్ని వెతికి వెతికి పట్టుకుంటారు. 2024లో సెల్టిక్స్ చేసిందిదే. లూకా డాన్చిచ్ స్కోరింగ్ ఎంత ఉన్నా, అతను కాపలా కాస్తున్న చోటికే పదే పదే బంతిని తీసుకెళ్లి దాడి చేశారు.

పెద్ద పేర్లకు పడిపోయి దెబ్బతిన్న అంచనాల్లో ముందు గుర్తొచ్చేది 2004 లేకర్స్. షాక్ (షకీల్ ఓనీల్), కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ ఒకే జట్టులో. పిస్టన్స్ 4-1తో గెలిచింది, ఫైనల్స్ ఎంవీపీ చాన్సీ బిలప్స్. మలోన్ మోకాలి గాయంతో కుంటుతున్నాడన్నది కూడా అందులో ఉంది. 2011లో లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ఉన్న హీట్ 2-1తో ముందుండి కూడా డర్క్ నోవిట్జ్‌కీ డాలస్ చేతిలో 4-2తో ఓడింది. అలాగని ‘స్టార్లు కాదు, జట్టే గెలుస్తుంది’ అనే రెండో కొసకు పోనక్కర్లేదు. 2021లో ఆరో గేమ్‌లో యానిస్ అంటెటోకుంపో ఒక్కడే 50 పాయింట్లు కొట్టి మిల్వాకీకి టైటిల్ తెచ్చాడు.

రెగ్యులర్ సీజన్‌లో ఈ రెండు జట్లూ ముఖాముఖి ఎలా ఆడాయి అని కొందరు వెతుకుతారు. వెతకొద్దని నా సలహా. వేర్వేరు కాన్ఫరెన్స్ (లీగ్‌లోని తూర్పు, పడమర సగాలు) జట్లు సీజన్ మొత్తంలో రెండేసార్లు ఎదురవుతాయి. 2015-16లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ క్లీవ్‌లాండ్ కావలియర్స్‌ను రెండుసార్లూ ఓడించింది, అందులో ఒకటి క్లీవ్‌లాండ్‌లోనే 34 పాయింట్ల తేడాతో. జూన్‌లో టైటిల్ మాత్రం క్లీవ్‌లాండ్‌ది. 2020-21లో ఫీనిక్స్ సన్స్ కూడా మిల్వాకీపై రెండూ గెలిచింది, రెండూ ఒక్కో పాయింట్ తేడాతో. టైటిల్ మిల్వాకీది.

ఇక ‘మ్యాచప్’ అనే మాట, అంటే ఎవరి ఆటకు ఎవరి ఆట సరిపడుతుందన్నది. ఒకే ప్రత్యర్థితో ఏడుసార్లు ఆడాలి గనక ఇది నిజంగానే ముఖ్యం. కాకపోతే సిరీస్ మొదలవకముందు మనకు కనిపించే మ్యాచప్ వేరు, నాలుగో గేమ్ నాటికి కోచ్‌లు కనిపెట్టే మ్యాచప్ వేరు. 2015లో 2-1తో వెనకబడ్డ వారియర్స్ నాలుగో గేమ్‌కు పొడగరి ఆండ్రూ బోగట్‌ను పక్కనపెట్టి ఆండ్రే ఇగుడాలాతో మొదలుపెట్టింది. ఆ తర్వాత మూడు వరుసగా గెలిచింది, ఇగుడాలాకు ఫైనల్స్ ఎంవీపీ వచ్చింది. ఆ సీజన్ మొత్తంలో అతను ఒక్క రెగ్యులర్ సీజన్ గేమ్ కూడా స్టార్టర్‌గా ఆడలేదు. దాన్ని ముందే ఎవరు ఊహించగలరు? అందుకే మ్యాచప్‌ను అంచనాను తలకిందులు చేయడానికి వాడకండి. రెండు జట్లూ సమానంగా ఉన్నాయనిపించినప్పుడు ఎటో ఒకవైపు మొగ్గడానికి వాడండి.

గాయాలు: ఇక్కడ మాత్రం ఆగి ఆలోచించాలి

సీజన్ లెక్కకు అస్సలు తెలియని సంగతి ఇదొక్కటే. 82 గేముల రికార్డు ఆ ఆటగాడు ఉన్నప్పటిది, ఫైనల్స్ అతను లేనప్పటిది. అంచనాను పూర్తిగా మార్చుకునే హక్కు నేను గాయానికి మాత్రమే ఇస్తాను.

2015లో కావలియర్స్‌కు కెవిన్ లవ్ తొలి రౌండ్‌లోనే దూరమయ్యాడు, ఫైనల్స్ తొలి గేమ్‌లో కైరీ అర్వింగ్ మోకాలి చిప్ప విరిగింది. 2019లో వారియర్స్‌కు కెవిన్ డురాంట్ ఐదో గేమ్‌లో తిరిగొచ్చి ఆ రోజే అకిలీస్ (మడమ వెనక స్నాయువు) తెగి పడిపోయాడు, ఆరో గేమ్‌లో క్లే థాంప్సన్ మోకాలు పోయింది. టొరంటో రాప్టర్స్ 4-2తో గెలిచింది. 2020లో మయామీకి తొలి గేమ్‌లోనే గొరాన్ డ్రాగిచ్, బామ్ అడెబాయో ఇద్దరూ గాయపడ్డారు. 2025 ఏడో గేమ్ తొలి క్వార్టర్‌లోనే హాలిబర్టన్ అకిలీస్ తెగింది. అతను అప్పటికే పిక్క నొప్పితో ఆడుతున్నాడు.

వీటిలో చాలావరకు సిరీస్ మధ్యలో జరిగినవే, ముందే చెప్పగలిగినవి కావు. కానీ కొన్నింటికి సూచన ఉంది. నొప్పితో ఆడుతున్నవాడు, ఆలస్యంగా తిరిగొస్తున్నవాడు ఉంటే ‘వచ్చేశాడు’ అనే వార్తను పూర్తి బలంతో లెక్కేయకండి. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2021 కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో యానిస్ మోకాలు వెనక్కి వంగిన తీరు చూసినవాళ్లంతా సీజన్ అయిపోయిందనుకున్నారు. ఫైనల్స్ తొలి గేమ్‌కే దిగాడు. అందుకే మీరు అంచనాల పోటీలో ఉంటే, దాని నియమాలు ఒప్పుకుంటే మీ అంచనాను చివరి నిమిషం దాకా ఆపండి, తొలి గేమ్‌కు ముందు జట్లు ఇచ్చే గాయాల రిపోర్టు చూశాకే పంపండి. తొందరగా పంపితే వచ్చే లాభమేమీ లేదు.

గాయపడ్డవాడి పేరును బట్టి కూడా కంగారుపడొద్దు. అతని నిమిషాలు ఎవరికి వెళ్తాయన్నది చూడండి. బెంచి మీద పనికొచ్చేవాడుంటే పెద్ద పేరు పోయినా చిన్న దెబ్బే. లేకపోతే ఒక మామూలు సెంటర్ పోయినా రీబౌండ్లన్నీ (షాట్ మిస్సయి తిరిగొచ్చే బంతులన్నీ) ఎదుటివాళ్లవే.

సొంత కోర్టు

2014 నుంచి ఫైనల్స్ 2-2-1-1-1 పద్ధతిలో నడుస్తోంది. అంతకుముందు 1985 నుంచి 2-3-2. సీజన్ రికార్డు మెరుగ్గా ఉన్న జట్టు 1, 2, 5, 7 గేములు తన ఊళ్లో ఆడుతుంది. ఆలోచిస్తే దీనివల్ల అదనంగా దొరికేది ఒక్క గేమే, అదీ సిరీస్ ఏడు దాకా వెళ్తేనే.

ఫైనల్స్‌లో 2025 వరకు ఏడో గేములు 20 జరిగితే సొంత జట్టు 16 గెలిచింది. ఈ అంకె చూసి మురిసిపోయేముందు ఒక మాట. సొంత కోర్టు దక్కింది మెరుగైన జట్టుకే కాబట్టి, ఆ 16లో కోర్టు పాత్ర ఎంతో, బలం పాత్ర ఎంతో విడదీయలేం. ఓడిన నలుగురిలో 1969 లేకర్స్‌ది అందరికీ నచ్చే కథ. గెలుస్తామన్న ధీమాతో కోర్టు పైకప్పుకు బెలూన్లు కట్టి సిద్ధం చేశారు. సెల్టిక్స్ 108-106తో గెలిచి వెళ్లిపోయింది, బెలూన్లు పైనే ఉండిపోయాయి. 2019లో అయితే ఆరు గేముల్లో ఐదు బయటి జట్టే గెలిచింది.

ఎవరు అన్నదొకటి, ఎన్ని గేముల్లో అన్నది ఇంకొకటి

చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. బలమైన జట్టును ఎంచుకున్నాం కాబట్టి తక్కువ గేములు రాయాలనుకుంటారు. చిన్న లెక్క వేద్దాం. ఒక జట్టుకు ప్రతి గేమ్‌లోనూ 60 శాతం అవకాశం ఉందనుకుంటే, ఏడు గేముల సిరీస్ గెలిచే అవకాశం 71 శాతమవుతుంది. 55 అయితే 61, 65 అయితే 80. సిరీస్ బలాన్ని పెద్దది చేసి చూపిస్తుందన్నమాట. కానీ ఆ 60 శాతం జట్టు 4-0తో ఊడ్చేసే అవకాశం 13 శాతమే. 2001లో లేకర్స్ ప్లేఆఫ్స్‌లో ఒక్క ఓటమీ లేకుండా 11 గెలిచి ఫైనల్స్‌కు వచ్చింది. ‘ఫోర్-జీరో’ అని రాసినవాళ్ల కాగితాలు తొలి గేమ్‌తోనే చెత్తబుట్టలోకి వెళ్లాయి, ఆ రాత్రి ఎదుటి జట్టు అలెన్ ఐవర్సన్ 48 పాయింట్లు కొట్టాడు. తర్వాతి నాలుగూ లేకర్స్ గెలిచిందనుకోండి.

ఇప్పుడు సొంత కోర్టును కలపండి. ఫేవరెట్‌కు (గెలుస్తుందని ఎక్కువమంది అనుకునే జట్టుకు) సొంత ఊళ్లో 68 శాతం, బయట 52 శాతం అనుకుందాం. అప్పుడు ఆ జట్టు ఐదు గేముల్లో గెలిచే అవకాశం సుమారు 24 శాతం, ఆరులో 18, ఏడులో 19. ఐదో గేమ్, ఏడో గేమ్ సొంత ఊళ్లో, ఆరోది ఎదుటివాళ్ల ఊళ్లో కావడమే కారణం. అభిమానులు ఎక్కువగా రాసే ‘ఫేవరెట్, ఆరు గేముల్లో’ అనేది వినడానికి మధ్యేమార్గంలా ఉన్నా, ఈ లెక్కలో అంత మంచి ఎంపిక కాదు. అండర్‌డాగ్‌ను (బలహీనమనుకునే జట్టును) ఎంచుకుంటే మాత్రం ఆరే రాయాలి, వాళ్లు సొంత ఊళ్లో ముగించగల గేమ్ అది.

నగెట్స్ 2023లో, సెల్టిక్స్ 2024లో ఐదో గేమ్‌ను, థండర్ 2025లో ఏడో గేమ్‌ను సొంత ఊళ్లో గెలిచి ముగించాయి. 2021లో సొంత కోర్టు అనుకూలత లేని మిల్వాకీ ఆరో గేమ్‌ను తన ఊళ్లో ముగించింది. రాప్టర్స్ 2019లో, వారియర్స్ 2022లో ఆరో గేమ్‌ను పరాయి ఊళ్లో గెలిచి ఈ లెక్కను వెక్కిరించాయి.

బుకీలు, మోడళ్లు, సొంత బుద్ధి

పందెం కాయమని కాదు గానీ, బుకీల (పందేలు తీసుకునేవాళ్ల) రేట్లు ఉచితంగా దొరికే మంచి అంచనా. గాయాల వార్త రాగానే అవి కదులుతాయి. రేటును శాతంగా మార్చడం తేలికే, వందను రేటుతో భాగిస్తే చాలు. ఉదాహరణకు ఒక జట్టుకు 1.50, ఇంకోదానికి 2.70 ఉంటే 67, 37 వస్తాయి. మొత్తం 104 అయింది కదా, ఆ పైనున్న నాలుగు బుకీ కమిషన్. దాన్ని తీసేస్తే 64, 36.

గణాంక మోడళ్లు కూడా ఉంటాయి. అవి బుకీలతో విభేదించినప్పుడే ఆసక్తి. 2022లో కొన్ని మోడళ్లు బోస్టన్ వైపు గట్టిగా మొగ్గాయి, బుకీలు వారియర్స్ వైపు. స్టెఫెన్ కరీ నాలుగో గేమ్‌లో 43 పాయింట్లు కొట్టి 2-2 చేశాడు, వారియర్స్ 4-2తో గెలిచింది. ఒక్క సిరీస్‌తో ఎవరిది పైచేయో తేల్చలేం గానీ, నాకు రెండూ దొరికితే బుకీల రేటే తీసుకుంటాను. ఆ రేటు నుంచి కదలాలంటే నా దగ్గర వాళ్లకు తెలియని సంగతి ఉండాలి. ఎప్పుడూ ఉండదు.

ఇంతకీ మీరాడుతున్న పోటీ ఏది?

ఇద్దరు ముగ్గురు స్నేహితుల మధ్యైతే ఆలోచించకుండా ఫేవరెట్‌ను ఎంచుకోండి. పెద్ద పోటీ అయితే కథ మారుతుంది. 50 మంది ఉన్నారు, 40 మంది ఫేవరెట్‌నే రాశారు, దానికి 65 శాతం అవకాశం ఉందనుకుందాం. ఫేవరెట్ గెలిస్తే మీరు 40 మందితో పోటీపడాలి. అండర్‌డాగ్ గెలిస్తే పదిమందితోనే. 65ను 40తో భాగిస్తే 1.6, 35ను 10తో భాగిస్తే 3.5. గెలిచే జట్టు ఫేవరెట్టే అని మీరు నమ్ముతూ కూడా కాగితం మీద అండర్‌డాగ్ అని రాయడం ఇక్కడ తెలివైన పనే. మీ జట్టే ఫైనల్స్‌లో ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ మూలన పడేసి మీ జట్టు పేరే రాయండి. ఎదుటి జట్టుకు రాసి, తీరా అది గెలిస్తే ఆనందించలేని మనిషి మీరు.

తొలి గేమ్ తర్వాత అంచనా మార్చుకోనిచ్చే పోటీలూ ఉంటాయి. తొందరపడొద్దు. 2011, 2022, 2025ల్లో తొలి గేమ్ గెలిచిన జట్లు టైటిల్ గెలవలేదు. ముఖ్యంగా త్రీ పాయింటర్లు (దూరం నుంచి కొట్టే మూడు పాయింట్ల షాట్లు) వెల్లువలా పడటం వల్ల గెలిచిన గేమ్‌ను నమ్మకండి. ఆ వెల్లువ ఎండిపోతే ఎలా ఉంటుందో 2018 కాన్ఫరెన్స్ ఫైనల్స్ ఏడో గేమ్‌లో హ్యూస్టన్ చూపించింది, వరుసగా 27 త్రీలు మిస్. 0-2 నుంచి ఫైనల్స్ గెలిచిన జట్లు 2025 వరకు ఐదున్నాయి: 1969 సెల్టిక్స్, 1977 పోర్ట్‌లాండ్, 2006 మయామీ, 2016 క్లీవ్‌లాండ్, 2021 మిల్వాకీ. 1-3 నుంచి గెలిచింది క్లీవ్‌లాండ్ ఒక్కటే, అదీ 73 గెలిచిన వారియర్స్ మీద, డ్రేమండ్ గ్రీన్ సస్పెన్షన్‌తో ఐదో గేమ్‌కు దూరమైన సిరీస్‌లో. 0-3 నుంచి ప్లేఆఫ్స్ ఏ రౌండ్‌లోనూ ఎవరూ సిరీస్ గెలవలేదు.

ఫైనల్స్ ఎంవీపీ కూడా రాయమంటే, ఓడే జట్టువాడి పేరు మర్చిపోండి. 1969లో ఆ అవార్డు మొదలైన ఏడాది, ఆ బెలూన్ల సిరీస్‌లోనే, ఓడిన లేకర్స్ నుంచి జెర్రీ వెస్ట్ గెలిచాడు. మళ్లీ అలా జరగలేదు. మీ జట్టుకు ఒకే స్టార్ ఉంటే అతనే. ఇద్దరుంటే రెండో అతన్ని రాయడం పెద్ద పోటీల్లో లాభం, 2024లో జేసన్ టేటమ్ కాక జేలెన్ బ్రౌన్‌కు వచ్చినట్టు.

పోటీలో టై అయితే తేల్చడానికి చివరి గేమ్ మొత్తం పాయింట్లు అడుగుతారు. మీరు ఏడు గేములు రాసి ఉంటే ఆ రెండు జట్ల సీజన్ సగటు కన్నా బాగా తగ్గించి వేయండి. 2005లో 81-74, 2010లో 83-79, 2013లో 95-88, 2016లో 93-89, 2025లో 103-91. కాళ్లు అలసిపోయి ఉంటాయి, రిఫరీలు ఊరికే విజిల్ ఊదరు, ప్రతి బంతినీ ఆచితూచి ఆడతారు.